గది దాటిన మాట

ఆ కంపెనీలో ఆయన్ని వెనకాల అందరూ గడువు మాస్టారు అనేవారు. పైవాళ్లు తేదీ వేస్తే, కిందివాళ్ల నడుం విరిగినా సరే, ఆ తేదీకి సాఫ్ట్‌వేర్ తయారు చేయించడమే ఆయన ఉద్యోగం. జుట్టు నెరిసేదాకా అదే చేశారు.

అలాంటి కంపెనీకి అజైల్ అనే కొత్త పని పద్ధతి పూనింది. గోడల నిండా, పనికొకటి చొప్పున, రంగు చీటీలు వెలిశాయి. పొద్దున్నే అందరూ నిలబడి మాట్లాడుకోవాలన్నారు. ఇక పెత్తనాలుండవు, ఏ పనికి ఎన్నాళ్లో జట్టే చెబుతుందన్నారు. ఇంతా చేసి, చిన్న మార్పు బయటికి వెళ్లాలన్నా ఏడుగురు పెద్దలు సరేననాల్సిందే. విడుదల తేదీ పైన ఎప్పుడో ఖాయమైపోయింది. ఒళ్లు కడగకుండా కొత్త చొక్కా తొడిగారు, అంతే.

మాస్టారికి నాలుగు రోజులు శిక్షణ ఇచ్చి స్క్రమ్ మాస్టర్ని చేశారు. అజమాయిషీ మానేసి, జట్టుకి అడ్డొచ్చేవి తొలగించాలట. పాపం, ఆయన నిజంగానే నమ్మారు.

"ఇన్నాళ్లకి మనుషులతో మనిషిలా మాట్లాడే ఉద్యోగం దొరికిందోయ్," అన్నారు భార్యతో.

"ముందు మీ డైరెక్టర్ మనిషయ్యాడేమో కనుక్కోండి," అందావిడ.

రెండు వారాలకోసారి తలుపులు మూసుకుని, ఎక్కడ తప్పు జరుగుతోందో జట్టంతా చెప్పుకోవాలి. మొదట్లో ఎవరూ నోరు విప్పలేదు. ఒకరోజు మాస్టారు టెస్టర్ అమ్మాయి వైపు తిరిగారు. ఆమె ఉద్యోగం ఇంకా పర్మినెంట్ కాలేదు.

"చెప్పమ్మా, భయం దేనికి? ఇక్కడన్న మాట ఈ గది దాటదు. పూచీ నాది."

"తేదీ ముందే వేసేశాక ఎన్నాళ్లు పడుతుందని మమ్మల్నడగడం దేనికి సార్? సగం కూడా టెస్ట్ చేయకుండానే అయిపోయిందని చీటీ జరిపేస్తున్నాం. ఇదంతా నాటకం సార్."

ఎవరో చప్పట్లు కొట్టారు. మాస్టారికి కడుపు నిండినట్టయింది.

మర్నాడు ఆయన డైరెక్టర్ గదికి వెళ్లి, టెస్టింగ్ సగం కూడా కావడం లేదు, తేదీ జరపండని అడిగారు. డైరెక్టర్ కోప్పడలేదు. "ఎవరన్నారు?" అన్నాడు మెత్తగా.

ఆ మెత్తదనం ఎందుకో మాస్టారికి తెలుసు. తెలిసీ పేరు చెప్పేశారు. పైనుంచి ప్రశ్న పడితే జవాబు దానంతటదే ఊడిపడే నోరది. "మంచి పనిమంతురాలు సార్," అని ఓ తోక తగిలించారు. సిగ్గులేని తోక.

నెలాఖరుకి ఆ అమ్మాయిని తీసేశారు. జట్టుతో కలవలేకపోతోందట. సంచి సర్దుకుంటూ ఆమె తిట్టలేదు, ఏడవలేదు.

"ఆరోజు తలుపులు మూసింది మీరే కద సార్," అంది.

మాస్టారు తర్వాతి సమావేశానికి వెళ్లారు, తలుపులు మూశారు, ఎక్కడ తప్పు జరుగుతోందో రాయమని చీటీలు పంచారు. ఈసారి ఎవర్నీ బతిమాలాల్సిన పనిలేకపోయింది. అందరూ చకచకా రాసి గోడకి అంటించారు. ఇంత కలుపుగోలు జట్టుని చూడలేదని, ఆ పూట చూడ్డానికొచ్చిన అజైల్ శిక్షకుడు మురిసిపోయి ఫోటో తీశాడు.

మాస్టారు దగ్గరికెళ్లి ఒక్కొక్కటే చదివారు. అన్నింటిమీదా ఒకటే మాట: "అంతా బాగుంది."

"మీదొక్కటే తక్కువ సార్," అన్నాడు శిక్షకుడు, ఖాళీ చీటీ అందిస్తూ.

మాస్టారు కలం తీసి, అదే మాట రాసి అంటించారు.