గేటు దగ్గర అప్పజెప్పిన జవాబు

మలయాలో కమ్యూనిస్టులను అణచడానికి బ్రిటిష్‌వాళ్లు ఎమర్జెన్సీ పెట్టిన రోజుల్లో మేము తెలుక్ ఆన్సన్ ఊరి దగ్గర ఒక రబ్బరు తోటలో ఉండేవాళ్లం. నాన్న అక్కడ గుమాస్తా. నా స్కూలు చదువు ఇంకో ఏడాది ఉండగానే, ఆయన టీచర్ ట్రైనింగ్ ఇంటర్వ్యూ కోసం ఇంగ్లీషులో జవాబులు రాసి నాచేత బట్టీ పట్టించారు.

ఒకరోజు బడికి వెళ్తుంటే, తోట గేటు దగ్గర సంచులు వెతికే తెల్ల ఆఫీసరు, చదువయ్యాక ఏం చేస్తావని మామూలుగా అడిగాడు. "కూలిజనాన్ని మేల్కొలుపుతాను" అని మొదలుపెట్టి మొత్తం అప్పజెప్పాను. అడవిలోని కమ్యూనిస్టుల కోసం గాలిస్తున్న మనిషికి ఆ మాట ఎలా వినిపిస్తుందో నాకు తట్టలేదు.

"ఇది నీకెవరు నేర్పారు?" అన్నాడు.

ఆఫీసు మెట్ల మీద నిలబడ్డ నాన్నను వేలెత్తి చూపించాను.

నాన్నను లోపలికి తీసుకెళ్లారు. నేను బడి మానేసి గేటు దగ్గరే కూర్చున్నాను. మధ్యాహ్నం దాటాక ఆయన చెమట తుడుచుకుంటూ బయటికి వచ్చారు.

"ఏటి అడిగినారు నాన్నా?"

"ఆ ముక్క కొట్టేద్దాం. పిల్లలంటే ఇష్టమని సెప్పు, సాలు."

మరుసటి ఏడాది అదే చెప్పాను. సీటు వచ్చింది. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను. ఆ రోజు నాన్నను వేలెత్తి చూపించినందుకు మాత్రం, ఆయన ఉన్నంతకాలం క్షమించమని అడగలేకపోయాను.