కారుకు తియ్యనీళ్లు

పాత కారు కొన్నవాడికి సలహాలు వెతుక్కునే పని ఉండదు. మా మైదుకూరులో నీళ్లకు కరువొచ్చింది గానీ సలహాలకు ఏనాడూ రాలేదు. పంతొమ్మిదివందల యాభైలలో మా ఆయన కడపలో ఒక రిటైరైన ఆఫీసరు దగ్గర కారు కొనుక్కొచ్చిన సాయంత్రమే మా వాకిట్లో ఇరవై మంది చేరారు. అందులో కారెక్కినవాడు ఒక్కడూ లేడు. ఒకాయన చక్రాన్ని కాలితో తన్ని, "గాలి శానా ఎక్కువుండాదప్పా" అన్నాడు. ఇంకొకాయన అదే చక్రాన్ని తన్ని, "యాడప్పా, సాల్నే సాలదు" అన్నాడు. మా ఆయన ఇద్దరికీ బుద్ధిగా తలూపాడు.

ఆ కారుకు మేము నాలుగో ఇంటివాళ్లం. ముందరి ముగ్గురూ దాన్ని వదిలించుకున్నారంటే ఏదో మహిమ ఉండే ఉంటుందని నేనంటే, "నీకేం తెల్దు, ఊరకుండు" అన్నాడు. ఊరకున్నాను. ఎందుకంటే నాకూ దానితో ఒక పనుంది. మా అమ్మ వేంపల్లెలో మా అన్న ఇంట్లో పక్షవాతంతో మంచం పట్టి ఉంది. బస్సులో పోవాలంటే కడపలో దిగి, ఇంకో బస్సు కోసం పడిగాపులు పడి, చేరేసరికి పొద్దు వాలేది. "అమ్మకు బాగలేదని కబురు రానీ, ఎండ ముదిరేలోపల నిన్ను ఆడ దించుతా" అని మా ఆయన మాటిచ్చాడు. ఆ ఒక్క మాట కోసం ఆ ఇనుప పెట్టెను భరించాను.

పొద్దున లేస్తూనే దానికి సేవలు. పాత పంచె తడిపి ఒళ్లంతా తుడవడం, ఆయిలు కడ్డీ బయటికి లాగి చూడడం, ప్లగ్గులు విప్పి గరుకు కాగితంతో రుద్దడం, శుక్రవారం వస్తే కుంకుమ పెట్టి నిమ్మకాయ కట్టడం. నాకు జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి పెట్టి చూడని మనిషి, దాని బానెట్టు మీద చెయ్యి పెట్టి "రోంత కాలుతాండాది" అని దిగులుపడేవాడు. అబ్బ, ఏం ప్రేమ!

ఇన్ని సలహాల మధ్య పనికొచ్చే సలహా ఒక్కటే వచ్చింది. అది చెప్పింది కడప మెకానిక్కు సాయిబు. "దీంట్లో తియ్యనీళ్లే పొయ్యల్లప్పా. మీ బాయి ఉప్పునీళ్లు పోస్తిరంటే లోపల సున్నం గట్టుకుంటాది, ఇంజను ఉడికిపోతాది" అని రేడియేటర్ మూత మీద వేలు పెట్టి మరీ చెప్పాడు.

మా పెరటి బావిలో ఉప్పునీళ్లు. తియ్యనీళ్ల బావి ఊరికి మైలు దూరం. ఆ నీళ్లు తాగడానికి, పప్పు ఉడకేయడానికి మాత్రమే. స్నానాలకూ అంట్లకూ ఉప్పునీళ్లే. ఊరంతా అంతే. తలమీద ఒకటి, చంకలో ఒకటి, రోజూ రెండు బిందెలు మోసుకొచ్చేదాన్ని నేను. ఆ రేడియేటర్ ఎక్కడో కారేది, రోజూ పోస్తే గానీ నిండేది కాదు; అందుకని అందులో ఒకటి కారుకని తీర్మానమైంది. ఎవరు తీర్మానించారంటే, మోసేదాన్ని తప్ప అందరూ.

నాలుగు రోజులు పోశాను. అయిదో రోజు ఒళ్లు మండింది. పుట్టి బుద్ధెరిగినాక నేను తియ్యనీళ్లతో తల తడిపి ఎరగను. ఈ మహారాణికి రోజూ కడుపారా తియ్యనీళ్లా! ఆ రోజు నుంచి పెరటి బావిలో తోడి పోశాను. మా ఆయన స్నానం చేసి వచ్చి, "పోసినావా?" అనేవాడు. "పోసినా" అనేదాన్ని. అబద్ధమేముంది, పోశాను కదా.

ఉప్పునీళ్లలో కందిపప్పు ఉడకదని నాకు తెలుసు. ఆ నీళ్లు కాచిన కుండ లోపల తెల్లగా పొర కడుతుందనీ తెలుసు, రోజూ గీకేదాన్ని నేనే. ఎండాకాలం వచ్చేసరికి కారు ఊరు దాటకముందే ఆవిరి కక్కడం మొదలుపెట్టింది. దిష్టి తగిలిందని ఒకాయన సలహా ఇస్తే, మా ఆయన వెనకాల పాత చెప్పు కట్టాడు. నాకు అనుమానమే రాలేదని చెప్పొచ్చు. కానీ వచ్చింది. ఇప్పుడు చెబితే నా పరువేం కాను అని నోరు మూసుకున్నాను.

ఒకరోజు పొద్దున్నే వేంపల్లె నుంచి తంతి వచ్చింది. అమ్మకు సీరియస్, వెంటనే రమ్మని. మా ఆయన మాట తప్పలేదు. క్షణంలో బండి తీశాడు. కడప చేరేలోపల మూడుసార్లు ఆగింది. కడప దాటి వేంపల్లె దారిలో ఒక మిట్ట ఎక్కుడు దగ్గర బుస్సుమని ఆవిరి కక్కి, ఇక కదల్లేదు. నీడన్నది లేదు. తాగడానికి తెచ్చుకున్న కూజా నీళ్లు కూడా దాని నోట్లోనే పోశాడు. రెండు గంటలు ఆ ఎండలో నేను అమ్మా అమ్మా అని ఏడుస్తూ నిలబడ్డాను.

చివరికి ఒక లారీ ఆగింది. డ్రైవరు దిగి, చల్లబడిన మూత తీసి, లోపల వేలు పెట్టి చూశాడు. వేలికి తెల్లటి పెచ్చు.

"ఉప్పునీళ్లు పోసినారు గదప్పా, లోపలంతా సున్నమే."

"ల్యా, ల్యా" అన్నాడు మా ఆయన. "మా ఇంట్లో తియ్యనీళ్లే. ఈమే దినామూ మోసకొచ్చి పోస్తాది."

నేను రోడ్డు వైపు చూశాను.

ఆ లారీలోనే వేంపల్లె చేరాం. మా అన్న వాకిట్లోనే ఎదురొచ్చాడు. "పొద్దన్నుంచి నిన్నే అడుగుతాండె. పాప వస్తాండాదా, దానికొగ మాట చెప్పల్ల అని. గంట కిందట మాట పడిపాయమ్మా" అన్నాడు. అమ్మ నన్ను చూసింది, పెదవులు కదిపింది, గొంతు రాలేదు. ఇంకా పది నెలలు బతికింది. ఆ ఒక్క మాట ఏమిటో చెప్పలేకుండానే పోయింది.

"నా కారే నీకు అమ్మ మాట దక్కకుండ జేసె" అని మా ఆయన చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వేంపల్లె నుంచి తిరిగొచ్చిన వారమే దాన్ని అయిదో ఇంటికి పంపేశాడు. తను పోయేదాకా ఆ మాటే తలచుకుని బాధపడేవాడు. నేను ఒక్కసారీ కాదనలేదు.

ఈ మధ్య పక్కింటాయన పాత కారొకటి కొని, నన్నూ ఒక సలహా అడిగాడు. తియ్యనీళ్లే పొయ్యమన్నాను. ఆ నీళ్లు మాత్రం నువ్వే మోసుకురా నాయనా అన్నాను.