పథ్యం విడిపించిన రోజు

చిత్తూరు బెల్లం మండీలో మా నాయన పొద్దున కూర్చుంటే దీపాలు పెట్టే వేళకే లేచేవాడు. వడలు, బోండాలు కూర్చున్న చోటికే వచ్చేవి. బీడీ ఆరితే ఇంకోటి అంటించడమే. ఆదివారం మాంసంలో కొవ్వు తక్కువైతే అమ్మ మీద ఇంతెత్తున లేచేవాడు. డెబ్బైల చివర్లో, నేను కాలేజీలో చేరిన ఏడు, మిద్దె మెట్లెక్కుతూ రొమ్ము పట్టుకుని కూలబడ్డాడు.

తిరుపతికి తీసుకెళ్లాం. కోస్తా నుంచి కొత్తగా వచ్చిన డాక్టరు గుండె జబ్బు అన్నాడు. నూనె, ఉప్పు బాగా తగ్గించాలి, కొవ్వు మాంసం వద్దు, బీడీ ముట్టకూడదు, రోజూ నడవాలి అని గడగడా చెప్పి, "పథ్యం మాత్రం గట్టిగా ఉండాలి" అన్నాడు. నాయన బుద్ధిగా తలూపాడు.

మా వైపు పథ్యానికి ఒక లెక్క ఉంది. పచ్చకామెర్లకు పసరు తాగినా, విరిగిన చేతికి నాటుకట్టు కట్టించుకున్నా ఒక మండలం, అంటే నలభై ఎనిమిది రోజులు, నోరు కట్టేసుకుంటారు. అది నిండాక మంచి రోజు చూసి తలంటి పోసి, మానేసినవన్నీ వండిపెట్టి పథ్యం విడిపిస్తారు. దాంతో జబ్బు కూడా వదిలిపోయినట్టే. ఎప్పటికీ విడవని పథ్యం ఒకటుంటుందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు.

నాయన మాటంటే మాటే. రాగిసంగటి, నూనె తగలని ఆకుకూర పప్పు తప్ప ఇంకేదీ ముట్టలేదు. ఊరగాయ జాడీ అటకెక్కింది. తెల్లవారుతూనే చెరకు తోటల దాకా నడిచి వచ్చేవాడు. మండీలో వాళ్లు "ఏమప్పా, పెండ్లికొడుకు మాదిరి అయినావే!" అని ఆట పట్టించేవాళ్లు. మెట్లెక్కినా ఆయాసం లేదు. మనిషి బాగుపడే కొద్దీ మా అందరికీ ధైర్యం వచ్చేసింది.

మండలం నిండుతుందనగా ఐరాల నుంచి మా మేనత్త, నాయనకు అక్క, పొట్టేలుతో సహా దిగింది. అమ్మకెందుకో మనసు ఒప్పలేదు.

"డాక్టర్ని ఒకతూరి అడిగొచ్చి ఇడిపిస్తే బాగుంటాదేమో వదినా" అంది.

"అడిగేదేముండాది? నాటుమందుకే మండలం సాలు. ఇంగిలీసు మందుకు ఇంగా తొందరగా గుణమైతాది. నా తమ్ముడి కడుపు ఎన్నాళ్లు ఎండగడతావు మే?"

నాయన ఆశగా అమ్మ వైపు చూశాడు. ఆ చూపుకు అమ్మ లేచి అటక మీది ఊరగాయ జాడీ దించింది.

పెరట్లో కట్టేసిన పొట్టేలు సాయంత్రమంతా అరుస్తూనే ఉంది. అమ్మ కత్తిపీట ముందు కూర్చుని ఉల్లిగడ్డలు తరగడం మరిచిపోయి అటే చూస్తూ ఉండిపోయింది. మరుసటి రోజు తలకాయ కూర, బోటి, నెయ్యి ఓడే సంగటి. నాయన మూలుగ ఎముక జుర్రుతుంటే అందరం నవ్వాం, అమ్మ తప్ప. చెయ్యి కడుక్కొచ్చి ఆయన బీడీ వెలిగించాడు. నడక కూడా పథ్యంలో భాగమే కాబట్టి ఆ రోజుతో అదీ ఆగిపోయింది.

వానలు పడే నాటికి ఆయాసం తిరిగొచ్చింది. అడిగితే గ్యాసు అనేవాడు. ఒక ఉదయం మండీలో తూకం చూస్తూ చూస్తూ పక్కకు ఒరిగిపోయాడు. తిరుపతికి చేరేసరికే ప్రాణం లేదు.

అదే డాక్టరు. బయటికి వచ్చి విసుగ్గా అడిగాడు.

"పథ్యం ఉండమని అంత గట్టిగా చెప్పాను కదమ్మా, ఎందుకు ఉండలేదు?"

"ఉండినాడు సార్" అంది అమ్మ. "మండలం నిండా ఉండినాడు. ఒక్క పూట తప్పలేదు."

"మండలమేమిటి? ఈ జబ్బుకు జీవితాంతం ఉండాలి."

అమ్మ ఆయన మొహంలోకి చూసింది. ఏడవలేదు.

"ఆ మాట ఆ పొద్దే చెప్పింటే, సచ్చేదాకా ఉండేటోడు గదా సార్" అంది.