లేదు కాంపౌండరు

మా ఆసుపత్రి కాంపౌండరు నోటి వెంట 'ఉంది' అనే జవాబు పదకొండేళ్ళలో నేను విన్నది ఒకే ఒక్కసారి. మిగతా అన్ని వేళలా ఆయన జవాబు 'లేదు'. ప్రశ్న పూర్తయ్యేదాకా ఆగే ఓపిక కూడా ఆయనకు ఉండేది కాదు. అందరూ ఆయన్ని 'లేదు కాంపౌండరు' అనేవాళ్ళు.

"కాంపౌండరు గారున్నారా?" అని ఎవరైనా గుమ్మంలోంచి కేకేస్తే, కూర్చున్న కుర్చీలోంచి కదలకుండా ఆయనే "లేరు" అనేవారు. పాపం, వచ్చినవాళ్ళు "ఎప్పుడొస్తారండీ?" అని ఆయన్నే అడిగి వెళ్ళేవాళ్ళు. పెళ్ళి మాటలప్పుడు "మా పిల్లంటే మీకేమైనా అభ్యంతరమా?" అని మామగారు అడిగితే అలవాటుగా లేదన్నారట. ఆ మాటతో ఆయన బాగుపడింది ఆ ఒక్కసారేనని వాళ్ళావిడ చెప్పేది.

కంకర మిల్లుల మధ్య రెండు గదుల సర్కారు ఆసుపత్రి మాది. డాక్టరు వారానికోసారి వస్తే గొప్ప. మిగతా రోజుల్లో నర్సుని నేను, కాంపౌండరు ఆయన, కారే కప్పు కింద ఒక బక్కెట్టు. నెలకు కూడా చాలని మందులు మూడు నెలలకోసారి వచ్చేవి. దుమ్ము మాత్రం రోజూ వచ్చేది. ఆ దుమ్మంతా మింగి ఉబ్బసం తెచ్చుకున్న కూలామె ఒకావిడ ఉండేది. ఇన్‌హేలర్ లేకపోతే ఆవిడ నాలుగడుగులు వేయలేదు. బయట కొనే తాహతు లేదు.

మిల్లు యజమాని కూడా కారేసుకుని మా దగ్గరికే వచ్చేవాడు.

"బలం మాత్రలున్నాయా?"

"లేవు."

"దగ్గు మందు?"

"లేదు."

"మరి అసలున్నదేమిటయ్యా ఇక్కడ?"

"దగ్గండీ."

నవ్వొచ్చినా, రోగుల ముందు ఆ మాట వినీ వినీ నాకు ఒళ్ళు మండేది.

ఒకనాడు పై ఆఫీసు నుంచి తనిఖీ అధికారి వచ్చారు. వచ్చే ఏడాది ఏ ఆసుపత్రికి ఎంత నిధి అన్నది తేల్చేది ఆయనే. నేను రెండు రోజులు కూర్చుని మా కొరతలన్నీ పట్టిక రాశాను. దాన్ని తేవడానికి లోపలి గదిలోకి వెళ్ళానో లేదో, జీపు ఎక్కబోతూ ఆయన కాంపౌండరుని అడిగారు.

"ఏమయ్యా, ఇక్కడ కొరతేమైనా ఉందా?"

"లేదు."

నేను పరుగెత్తుకొచ్చేసరికి అధికారి రాసేసుకున్నారు. "కొరత లేదన్నది మీరొక్కరేనమ్మా, సంతోషం!" అని మెచ్చుకుని, నా పట్టిక ముట్టుకోకుండానే వెళ్ళిపోయారు. నెల తిరక్కుండా కాగితం వచ్చింది. మాకు కొరత లేదు కనుక ఈ మూడు నెలల మందులతో సహా మా వాటాను అవసరమైన చోటికి మళ్ళించారట.

"ఒక్కటంటే ఒక్కసారి ఉందని ఏడిస్తే మీ సొమ్మేం పోయేది బాబాయ్?" అని అరిచేశాను. ఆయన తల వంచుకున్నారు. "చెప్పుకోడానికేమీ లేదా?" అన్నాను. ఆయన నా పట్టిక తీసి, జాగ్రత్తగా మడిచి సొరుగులో పెట్టారు.

ఆ మూడు నెలలూ తలుచుకుంటే ఇప్పటికీ దిగులే. రోగులు వచ్చి, బెంచీ మీద కాసేపు దగ్గి, ఉత్త చేతులతో వెళ్ళిపోయేవాళ్ళు. నా అర్జీలకు జవాబు లేదు. ఒక పొద్దున ఆ కూలామెను ఇద్దరు రెక్కలు పట్టుకుని తీసుకొచ్చారు. పెదాలు నీలంగా మారాయి. ఊపిరి ఈల వేస్తోంది.

"బాబాయ్, ఇన్‌హేలర్!" అన్నాను, బీరువా ఖాళీ అని తెలిసీ.

"లేదు" అంటూనే ఆయన బల్ల కింద దూరి, 'పాత ఫారాలు' అని రాసిన అట్టపెట్టె లాగి, ఇన్‌హేలర్ తీసి నా చేతిలో పెట్టారు.

ఆవిడ ఊపిరి కుదుటపడ్డాక "ఇదెక్కడిది?" అని నిలదీశాను.

"వచ్చేదే గుప్పెడమ్మా. ఉందన్నామంటే కార్లున్నవాళ్ళు మొదటి వారంలోనే మూటగట్టుకుపోతారు. అందుకని కాస్త పక్కన పెడతాను, ఇలాంటివాళ్ళకని."

పదకొండేళ్ళుగా తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను.

ఆవిడ ఇన్‌హేలర్ కొంగున ముడేసుకుంటూ భయంభయంగా అడిగింది. "ఇదైపోతే ఇంకోటుందా బాబాయ్?"

"ఉందమ్మా. ఉంది."

ఉలిక్కిపడ్డాను. ఆవిడ వెళ్ళాక పెట్టెలోకి తొంగి చూశాను. అందులో పాత ఫారాలు తప్ప ఏమీ లేవు.

మర్నాడే ఆయన నా కొరతల పట్టిక చంకన పెట్టుకుని పట్నంలోని మందుల గోదాముకు వెళ్ళారు. అక్కడి గుమాస్తా తలెత్తకుండానే "లేవు" అన్నాడట. ఈయన వెళ్ళి బెంచీ మీద కూర్చున్నారు. రెండో రోజూ అక్కడే కూర్చున్నారు. మూడో రోజు సాయంత్రం భుజాన మందుల పెట్టెతో మా గుమ్మంలో దిగారు.

"లేవన్నవాడు ఎలా ఇచ్చాడు బాబాయ్?"

"లేదన్నవాడి వెనకాల ఒక పెట్టె ఉంటుందమ్మా. ఆ సంగతి నాకు తెలీదూ?"

ఇంతలో బయట కారు ఆగింది. మిల్లు యజమాని లోపలికి తొంగి చూశాడు.

"మందులొచ్చాయటగా?"

కాంపౌండరు ఆ పెట్టె మీదే తాపీగా కూర్చున్నారు. నేను వెళ్ళి ఆయనకు అడ్డంగా నిలబడ్డాను.

"లేవండీ" అన్నాం ఇద్దరం ఒకేసారి.