పైనుంచి చూస్తే చతురస్రమే

మా కంప్యూటర్ సార్ పోయారని విస్సన్నపేట బస్సులో ఉండగా ఫోన్ వచ్చింది. వెంటనే ఇంకొకరికి చేసి, నిజమేనా అని అడిగాను. అనుమానం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. పాతికేళ్ళు సార్‌ని దూరం పెట్టింది కూడా దానివల్లే.

తిరువూరులో మందుల షాపు పైన ఒకే ఒక్క గదిలో ఆయన కంప్యూటర్ నేర్పేవారు. పాఠం అయ్యాక ఒక ఆట పెట్టేవారు. లోతైన గుంటలోకి పైనుంచి చూస్తుంటాం, గీతలతో గీసిన దిమ్మెలు అందులో పడుతుంటాయి. వాటిని అన్ని వైపులా తిప్పి, ఖాళీ లేకుండా ఒక అంతస్తు నింపితే అది మాయమవుతుంది.

"ఈ దిమ్మెలు మొదట్లో బల్లపరుపుగా ఉండేవి. రష్యాలో పుట్టాయి" అనేవారు సార్. "తర్వాత నాలుగు గోడల బావి కట్టి, గోడల మీంచి జార్చారు. ఆ తర్వాత దిమ్మెకే మందం వచ్చింది. మన అవస్థ అక్కడ మొదలైంది."

నాకు ఎటు తిప్పాలో అర్థమయ్యేది కాదు. సార్ బట్టల సబ్బు కోసి, చీపురు పుల్లలు గుచ్చి, అవే ఆకారాలు చేసి నా చేతిలో పెట్టారు. "పైనుంచి చూస్తే చతురస్రమే అమ్మాయ్. తిప్పి చూడకుండా ఏదీ తేల్చకు." ఇంటికెళ్ళాక కూడా చేతులు సబ్బు వాసన వేసేవి.

నెల తిరక్కుండానే సార్ స్కోరు దాటాను. పట్టికలో మొదటి పేరు నాది. మర్నాడు వెళ్తే నా పేరు లేదు, పైన సార్ పేరే ఉంది.

"ఆడపిల్ల గెలిస్తే ఓర్చుకోలేకపోయారా సార్?" అని మెట్లు దిగుతూనే అరిచాను.

"అది కాదమ్మాయ్, కాస్త విను..." అంటూ ఆయన చెప్పుల్లేకుండా రోడ్డు దాకా వచ్చారు. నేను ఆటో ఎక్కేశాను. మా ఊరు పెనుగొలనులో కనబడిన ప్రతివాళ్ళకీ సార్ మోసం చేశారని చెప్పాను.

తర్వాతెప్పుడో బజార్లో ఎదురై, "మన ఆట ఫోన్లోకి కూడా వచ్చింది, చూశావా?" అన్నారు. విననట్టు వెళ్ళిపోయాను. ఇంత చనువుగా పలకరిస్తున్నారంటే తప్పు చేశారనే కదా అనుకున్నాను.

మొన్న సార్ ఇంట్లో ఆదరణ కూడికలో, ప్రార్థన అయ్యాక, సార్ భార్య నాకో ఫ్లాపీ ఇచ్చారు. మీద సార్ చేతిరాతలో నా పేరు.

"ఆరోజు మిషన్‌కి వైరస్ పట్టిందమ్మా. అంతా చెరిపేసి పాత ఫ్లాపీలోంచి ఆట మళ్ళీ ఎక్కించారు. అందులో ఆయన పాత స్కోరే ఉంది. నీది ముందే ఇందులో దాచారు, నువ్వొచ్చాక నీ ఎదురుగా ఎక్కిద్దామని."

"మళ్ళీ చెప్పలేదేం ఆంటీ?"

"చెబితే నమ్మేదానివా?"

నమ్మేదాన్ని కాదు. అక్కడే కూర్చుని ఏడ్చాను.

ఫ్లాపీ చదివే మిషన్ తిరువూరులో ఇప్పుడెక్కడా లేదు. విజయవాడలో ఒకాయన తెరిచి చూపిస్తానన్నాడు. వద్దులెండి, అందులో నా స్కోరే ఉంది అన్నాను.

ఇంటికొచ్చి బట్టల సబ్బు కోశాను. నాలుగు ముక్కలు పుల్లకి గుచ్చి, ఫ్లాపీ పక్కన నిలబెట్టాను. చేతులు కడుక్కోబుద్ధి కాలేదు.