లాగ్‌కి లాగ్

ఈజిప్టులోని టాంటా ఊళ్లో పెద్ద మసీదు వెనక సందులో వేయించిన శనగలు అమ్మే అతియ్యా పెద్ద కూతురు నజ్లా. ఇంజనీరు కావాలని ఆ పిల్ల పట్టుదల. ఊళ్లో లెక్కలంటే ఉస్తాద్ రగాయీనే. పెళ్లిళ్ల హాలు అద్దెకు తీసుకుని, మైకు పట్టుకుని ట్యూషన్ చెప్పేవాడు.

ఆ శుక్రవారం సమాకలనాల పాఠం.

"హారం తాలూకు అవకలజం లవంలో కనబడిందా? ఇంకేం ఆలోచించొద్దు. హారానికి సహజ లాగ్ వేసి, పక్కన స్థిరాంకం కలిపెయ్యండి. అంతే!"

నజ్లా చెయ్యెత్తింది. "ఉస్తాద్, పైన ఒకటే ఉండి, కింద xని లాగ్ xతో గుణించి ఉంటే? ఆ xని ఒకటి బై xగా పైకి తెస్తే అది లాగ్ x అవకలజమే కదా. అప్పుడు జవాబు లాగ్‌కి లాగ్ అవుతుందా?"

రగాయీకి చప్పున తట్టలేదు. తట్టలేదని హాలుకు తెలియడం అతనికి ఇష్టం లేదు. మైకు నోటికి ఆనించుకున్నాడు.

"లాగ్‌కి మళ్లీ లాగా? మీ నాన్న వేయించిన శనగల్నే మళ్లీ వేయిస్తాడా ఏంటమ్మా?"

హాలు గొల్లున నవ్వింది.

"ఇలాంటి చెత్త పరీక్షలో రాదు. కూర్చోవే, శనగల ఫిలాసఫర్!"

ఆ పేరే స్థిరపడిపోయింది. ఆమె కుర్చీలో ఎవరో ఒకరు శనగలు పోసేవారు. దులుపుకుని కూర్చునేది. మళ్లీ చెయ్యెత్తలేదు.

జూన్ పరీక్షలో అచ్చం ఆ లెక్కే వచ్చింది. నజ్లా సరిగ్గానే చేసింది. చివర లాగ్‌కి లాగ్ అని రాశాక చెవుల్లో ఆ నవ్వు మోగింది. అంతమంది ముందు అంత ధీమాగా చెప్పినవాడు తప్పు చెబుతాడా? అడ్డంగా కొట్టేసి, ఇంకేదో రాసింది. కొద్ది మార్కుల్లో ఇంజనీరింగ్ సీటు పోయింది. కామర్స్‌లో చేరింది.

శరదృతువులో అతియ్యా చిన్న కూతురు హాలాను కూడా రగాయీ దగ్గరే చేర్చాడు. "అంతకంటే మంచి మేష్టారు ఊళ్లో ఎవరున్నారే?" అన్నాడు. చెల్లెల్ని దింపడానికి వెళ్లిన నజ్లా గుమ్మం దగ్గర ఆగిపోయింది. బోర్డు మీద ఆ లెక్కే ఉంది.

"ఇది వస్తుందని పోయినేడాదే ఈ హాల్లో మొత్తుకున్నాను. నా మాట విన్నవాళ్లు బాగుపడ్డారు," అంటున్నాడు రగాయీ.

"అది అడిగింది నేను ఉస్తాద్," అంది నజ్లా. "రాదన్నారు మీరు. మీ మాట నమ్మే నేను రాసింది కొట్టేశాను."

అతను కళ్లద్దాలు పైకి తోసుకుని చూశాడు. నిజంగానే గుర్తుపట్టలేదు.

"ఎవరమ్మా నువ్వు? చేతకానివాళ్లంతా నా మీద పడితే ఎలా?" హాలు వైపు తిరిగాడు. "చూశారుగా, పాఠం వినకపోతే ఇలా గుమ్మాల్లో నిలబడాల్సొస్తుంది."

మళ్లీ అదే నవ్వు. ముందు వరసలో హాలా తల దించుకుంది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చిన హాలా పుస్తకాల సంచి మంచం మీద విసిరేసింది.

"రేపట్నించి నాతో రాకక్కా. నువ్వెవరని క్లాసులో వాళ్లు అడిగితే మా పక్కింటమ్మాయివని చెప్పాను."