గేదె కాపలా కాసిన బార్లీ

ఆ రోజుల్లో నాకు రానిదల్లా ఒక్కటే, ‘కుదరదండీ’ అనడం. మిగతావన్నీ వచ్చనే అనుకునేదాన్ని. వ్యవసాయ డిగ్రీ పట్టా చేతికొచ్చిన కొత్త. భీమవరం పక్కన మా ఊళ్లో పొలాలన్నీ చేపల చెరువులైపోతున్నాయి. మా అరెకరాన్నీ తవ్వించేద్దామని నాన్న తీర్మానించేశారు. నేను అడ్డం పడ్డాను. “వరికోతలయ్యాక బార్లీ వేద్దాం నాన్నా! పచ్చగా ఉన్నప్పుడు ఒకసారి గేదెను మేపితే మళ్లీ చిగురేసి కంకి వేస్తుంది. మేతకి మేత, గింజకి గింజ.” నాన్న పేపరు మడిచి, “గింజ నా అరచేతిలో పొయ్యమ్మా, ఇంక చెరువు మాట ఎత్తను. పొయ్యలేకపోతే మాత్రం పొక్లెయిన్ దింపేస్తాను” అన్నారు.

బార్లీ మొలిచింది. (నా మొహం చూసి జాలిపడి మొలిచిందనేది నాయనమ్మ.) అది గాలికి ఊగుతుంటే గట్టుమీద నేనూ ఊగాను. ఇంతలో పొద్దున్నే నడకకొచ్చే రిటైర్డ్ హెడ్మాస్టారు ఆగి, “బార్లీ గడ్డి రసం షుగరుకి మంచిదటమ్మా, ఫోన్లో చూశాను. ఓ గుప్పెడు కోసుకోనా?” అన్నారు. “అయ్యో, దానికేముందండీ, కోసుకోండి!” అన్నాను. మా వైపు మర్యాద అలాంటిది, చాలన్నవాళ్లకి కూడా మారు వడ్డిస్తాం. మర్నాడు మాస్టారితో ఆయన భార్యగారు, ఆవిడతో పక్కవీధి పిన్నిగారు, ఆవిడతో కత్తెర. వారం తిరక్కుండా మా గట్టు దగ్గర ఆటోలు ఆగడం మొదలైంది. షుగరు లేనివాళ్లు కూడా ముందు జాగ్రత్తకని కోసుకుపోయారు. ఒకావిడ “మా మరిదిగారిక్కూడా కాస్త” అంటూ గోనెసంచి తెచ్చింది. చిగురేసినచోటే మళ్లీ కోసేస్తున్నారు. ఆపకపోతే కంకి రాదు, కంకి రాకపోతే పొక్లెయిన్ వస్తుంది. నాకేమో నోరు రాదు.

“మన గేదె మేయాల్సింది ఊరు మేస్తోందే పిల్లా!” అని నాయనమ్మ పగలబడి నవ్వింది. నాకు బుర్ర వెలిగింది. మర్నాడు నడకవాళ్లకంటే ముందే గేదెను తోలుకెళ్లి పొలంలో వదిలాను. అది తిన్నంత తిని, చొంగ కార్చి, పేడ వేసి, సరిగ్గా మాస్టారు కత్తెర తీసే సమయానికి తోకెత్తి ధారగా... ఆయన కత్తెర జేబులో పెట్టేసుకుని, “మూగజీవం, తిననివ్వమ్మా” అన్నారు. “ఫరవాలేదండీ, ఆ మూల ఇంకా బాగానే ఉంది, కోసుకోండి” అన్నాను. (మర్యాద మర్యాదే!) ఆ తరవాత గట్టుమీద ఎవరూ నిలవలేదు.

మేత అవగానే గేదెను ఇంటికి తోలి, చేనుకి నీరు పెట్టి, కాస్త యూరియా చల్లి, దేవుడికి దణ్ణం పెట్టాను. బార్లీ చిగురేసింది, కంకీ వేసింది. గింజలు సన్నగానే ఉన్నాయి (మా ఎండలకి అవి మాత్రం ఏం లావెక్కుతాయి పాపం), కానీ గింజలే! నాన్న అరచేతిలో పోశాను. ఆయన ఒకటి కొరికి చూసి, పొక్లెయిన్ అతనికి ఫోన్ చేసి, “వద్దులేవయ్యా” అన్నారు. ఆ మాట అంత సులువుగా అనొచ్చని నాకు అప్పుడే తెలిసింది.

ఇప్పుడు మాకు మూడువైపులా చెరువులే, మధ్యలో మా అరెకరం పచ్చగా ఉంది. ఏటా గట్టు పక్కన రెండు సాళ్లు నడకవాళ్లకే వదిలేస్తాను, ‘కుదరదండీ’ అనడం నాకింకా రాలేదు మరి. ఆ గేదె లేదు. దాని పగ్గం పట్టుకుని పొలానికి పరిగెత్తిన పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త బెంగా వేస్తుంది. మాస్టారు మాత్రం ఇప్పటికీ కోసేముందు గడ్డిని ఓసారి వాసన చూస్తారు.